బంగారు పలక మీద పసుపు

పాపకు ఉగ్గు తినిపిస్తున్నాను. ఆ గురువారం సాయంత్రం మా అత్త వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, చాలా మామూలుగా అంది.

"మీ సార్ మెచ్చుకున్న్యాడంటివి గదమ్మా. మెచ్చుకోడా మరి! నీ బంగారు బిళ్లలకు పసుపు పెట్టినా గదా నేను."

చెంచా నా చేతిలో ఆగిపోయింది.

"ఏ బిళ్లలకు అత్తా?"

"అదే, బీరువా మీద అద్దాల పెట్టెలో పెట్టింటివే. పోయిన శుక్రవారం. బంగారు ఇంట్లోకొస్తే పసుపు పెట్టకుండా యాడన్నా ఉంచుతారా?"

పాప నోరు తెరిచి ఎదురుచూస్తోంది. నేను తినిపించలేదు. అది ఏడ్చింది. అత్త దాన్ని ఎత్తుకుని నా ముఖం చూసింది, తప్పేదో జరిగిందని ఆమెకు అప్పుడే అర్థమయింది.

సోమవారం పది గంటలకు నా పరిశోధనను చూడటానికి కమిటీ కూర్చోబోతోంది. పాప పుట్టినందుకు ఇచ్చిన అదనపు గడువు కూడా ముగిసింది. చేసిన పని థీసిస్‌కు సరిపోతుందని వాళ్లంటే రాసుకోవచ్చు. సరిపోదంటే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. వాళ్లు ఏమంటారన్నది నా గ్రాఫులో ఒక్క చుక్క మీద ఆధారపడి ఉంది. అయిదో చుక్క.

ఆ చుక్క ఏమిటో చెప్పాలంటే నా పని కాస్త చెప్పాలి. నేను కొలిచేవి అణుతీగలు. రాగి తీగలాంటిది కాదు, ఒక్కొక్క అణువే ఒక తీగ. కర్బన వలయాలు వరుసగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక కొసన గంధకం ఉంటుంది. గంధకానికి బంగారమంటే పట్టు. గాజు ముక్క మీద పలచగా బంగారు పూత పూసి, ఆ అణువులు కరిగిన ఆల్కహాలులో రెండు రోజులు ముంచి ఉంచితే, అవి గంధకం కొసతో బంగారాన్ని పట్టుకుని చేలో జొన్న దంట్లలాగా ఒత్తుగా నిలబడతాయి. పైనుంచి సూదిలా సాగదీసిన ద్రవలోహపు మొనను మెల్లగా ఆనిస్తాను. కింద బంగారం, పైన లోహం, మధ్యలో ఒక్క అణువంత ఎత్తు. ఆ ఎత్తు దాటి ఎంత కరెంటు వస్తుందో మీటరు చెబుతుంది.

నా దగ్గర అయిదు తీగలు ఉండేవి. మొదటిదానిలో ఒక వలయం, రెండోదానిలో రెండు, అట్లా అయిదోదానిలో అయిదు. పొట్టి తీగల్లో ఛార్జి మధ్యలో ఎక్కడా ఆగదు, ఈ కొసనుంచి ఆ కొసకు ఒక్కసారిగా దాటుతుంది. అందుకే వలయం పెరిగేకొద్దీ దాటేది ఘోరంగా తగ్గిపోతుంది. కానీ తీగ బాగా పొడవైతే ఛార్జి ఆ పద్ధతి వదిలేసి, ఒక వలయం మీద కాసేపు ఆగి, పక్క వలయానికి గెంతి, మళ్లీ ఆగి, అట్లా నడుస్తుంది. అప్పుడు పొడవు పెరిగినా కరెంటు పెద్దగా తగ్గదు. ఆ మార్పు ఎక్కడ వస్తుంది? నా థీసిస్ ప్రశ్న ఇదే.

ఇది అత్తకు కూడా ఒకసారి చెప్పాను. కర్నూలు పక్కనే కల్లూరులో మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు. ఆడవాళ్లందరూ వరుసగా నిలబడి బిందెలు చేతులు మారుస్తున్నారు.

"చూడు అత్తా, ట్యాంకరు దగ్గర నిలబడి చెంబుతో నీళ్లు విసిరితే పక్కింటిదాకా కొన్ని పోతాయి. నాలుగిండ్ల అవతలికి చుక్క కూడా పోదు. అదే ఇట్ల చేతులు మారిస్తే వీధి చివరకు కూడా పోతాయి."

"చేతులు మారితే ఒలకవా?"

"ఒలుకుతాయి. శానా తక్కువ."

"దీనికి అంత చదువు యాల? ఈ వీధిలో ఎవుర్నడిగినా చెప్తురు" అని ఆమె బిందె నాకందించింది.

గ్రాఫులో నా మొదటి నాలుగు చుక్కలూ ఒక వాలులో దిగుతూ వచ్చాయి. అయిదోది ఆ వాలులో దిగలేదు. పైనే నిలిచింది. గీత అక్కడ వంగింది. మా గైడు సార్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు చూసి, "ఇది చాలమ్మా, ఇది చూపిస్తే చాలు" అన్నారు. ఆ మాట విని ఇంటికి వచ్చిన నేను చాలా నెలల తర్వాత కడుపునిండా తిన్నాను. అత్తకు చెప్పింది కూడా ఆ రోజే.

ఆ పెట్టె ఇంటికి రావడం నా తప్పు. పోయిన వారం మూడు రోజులు వరుసగా సెలవులు. సెలవుల్లో ల్యాబులో ఏసీ ఆపేస్తారు. కర్నూలు మే నెలలో మూసిన గది ఎట్లా ఉంటుందో తెలిసినదాన్ని గనక, ముంచి తీసిన పలకలను అక్కడ వదలలేక అయిదింటినీ పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో కూలరైనా ఉంది. శుక్రవారం పాపకు జ్వరం. దాన్నెత్తుకుని డాక్టరు దగ్గరికి పోయాను. అత్త ఒక్కతే ఇంట్లో ఉంది.

సెలవులయ్యాక పెట్టె తెరిచినప్పుడు నాకేమీ కనిపించలేదు. కనిపించదు మరి. బంగారం మీద పసుపు. పైగా కొలిచే ముందు ప్రతి పలకనూ ఆల్కహాలుతో కడుగుతాం. పసుపు నీళ్లలో సరిగా కరగదు గానీ ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది. మూలన పెట్టిన బొట్టు కరిగి పలకంతా పాకి ఉంటుంది. వేలు రాసుకున్నచోట అణువులు లేచిపోయి చిల్లులు పడి ఉండవచ్చు. అట్లాంటి చిల్లులోంచి పైలోహం కిందికి జారిందంటే కరెంటు తీగలోంచి రాదు, చిల్లులోంచి వస్తుంది. ఎక్కువగానూ వస్తుంది. నా అయిదో చుక్క పైన నిలిచింది తీగ గుణం వల్లా, మా అత్త వేలి వల్లా?

"ఎన్నింటికి పెట్టినావు అత్తా?" అని అడిగాను. గొంతు తగ్గించే అడిగాననుకున్నాను.

"ఒక్కదానికే. ఒకదానికి పెడితే అన్నిటికీ పెట్టినట్లే."

"దేనికి?"

"కొనలో ఉండేదానికి."

"ఏ కొన? ఈ పక్కా, ఆ పక్కా?"

ఆమె పాపను ఆ చంకలోంచి ఈ చంకకు మార్చుకుంది. "ఈ పక్క... యామోమ్మా. ఆ పక్కేమో."

మళ్లీ అడిగాను. ఈసారి కుడి అంది. నా ముఖం చూసి ఎడమ అంది. నాలుగోసారి అడిగేసరికి ఆమె చెబుతున్నది గుర్తున్నది కాదని, నేను ఏది వింటే ఊరుకుంటానో అదని తెలిసిపోయింది. ఒక కొన ఒకటో పలక, ఇంకో కొన అయిదోది. ఒకటో తీగ నాకు మళ్లీ దొరుకుతుంది, సీసాడు ఉంది. అయిదోది దొరకదు. దాన్ని ఇంకొక ఊళ్లో ఒకమ్మాయి నెలల తరబడి కష్టపడి తయారుచేసి కొరియరులో పంపింది. సీసా అడుగున ఒక్క పలక మునిగేంత ద్రావణం మిగిలింది.

ఇంక అడగలేదు. అత్త ఆ పూట సరిగా తినలేదు.

మరునాడు శుక్రవారం. మా అత్తవాళ్లది రాజంపేట దగ్గర నేతగాళ్ల ఊరు. మోకాళ్లు పట్టేసేదాకా ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోతే దాన్ని మొత్తం లాగేయరు. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో కొసలు మిగిల్చి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు మెలిపెడతారు. వేళ్లకు బూడిద అద్దుకుంటూ వేల పోగులు అతకాలి. ఆ పనిలో మనసు ఎక్కడెక్కడో తిరిగినా వేళ్లు తప్పవని ఆమె చాలాసార్లు చెప్పింది. రాత్రంతా నాకు నిద్ర పట్టకుండా చేసిన అనేక ఆలోచనల్లో ఆ మాట ఒకటి మిగిలింది. ఆమెను అడగకూడదు. ఆమె వేళ్లను అడగాలి.

ఆ పలకల పెట్టెలాంటిదే ఖాళీ పెట్టె ఒకటి నా సంచిలో ఉంది. అడుగున అంకెలు వేసి ఉంటాయి, పైనుంచి కనపడవు. పాత పలకల ముక్కలు అయిదు అందులో పెట్టాను. అత్త దేవుని గూడు ముందు దీపం పెడుతుండగా తీసుకెళ్లి ఇచ్చాను.

"అత్తా, దీనికి కూడా పసుపు పెట్టియ్యి. సోమవారం మీటింగుంది."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "నిన్న అంత ముఖం మాడ్చుకుంటివి?"

"నిన్న వేరే. ఇది వేరే."

అబద్ధమాడుతున్నందుకు చెవులు వేడెక్కాయి. ఆమె నా మాట నమ్మింది. పెట్టె గొళ్లెం తనవైపు ఉండేట్లు తిప్పుకుంది. మూత ఎత్తింది. పసుపు గిన్నెలో వేలు ముంచి, పెదవులు ఏదో అనుకుంటుండగా, అసలు చూడకుండానే ఎడమ చివరి పలక మూలన అద్దింది. మూత వేసి కళ్లకద్దుకుంది.

"ఎడమ పక్కదానికే ఎందుకత్తా?"

"ఎందుకేముండాది. పడుగు మొదటి పోగు ఎడంచేతి పక్కనే గదా. దానికి పెట్టినాకనే అతకడం. మా అమ్మ గూడా అట్లనే."

పెట్టె తీసుకుని పక్కగదిలోకి పోయి తిప్పి చూశాను. పసుపు పడిన ఎడమ కొన గడి అయిదోది.

సార్‌కు ఫోను చేయడానికి ముందు చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. పాప నా కాలు పట్టుకుని లేస్తోంది, కూలబడుతోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కమిటీలో ఎవరూ మా ఇంటి పసుపు గిన్నె గురించి అడగరు. అసలు ఆ చుక్క నిజమే కావచ్చు కూడా. ఈ చివరి ఆలోచనే అన్నిటికంటే భయపెట్టింది. నిజమే కావచ్చని అనుకుంటూ బతకడం నాకు చేతకాదని తెలుసు. పాపకు జ్వరం లేదని థర్మామీటరు చెప్పాక కూడా నుదురు ముట్టి చూసే మనిషిని.

చెప్పాను. సార్ ఆ ఒక్క మాటనే పట్టుకున్నారు.

"పసుపా?"

"అవును సార్."

"బంగారు పలకకు పసుపు." తనలో తను అనుకున్నట్లు అన్నారు. "మా ఇంట్లో అయినా పెట్టేవాళ్లేలేమ్మా. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. ఇంకేం జేస్తాం. ద్రావణం ఎంతుంది?"

"ఒక్క పలకకు, సార్."

"ముంచు. ఆదివారం కొలువు. వేడి చేసి కూడా కొలువు."

వేడి చేసి అనడంలోనే అంతా ఉంది. ఛార్జి వలయం నుంచి వలయానికి గెంతుతూ పోతుంటే, వేడి పెరిగేకొద్దీ గెంతులు సులువై కరెంటు పెరుగుతుంది. చిల్లులోంచి లోహం కారి వచ్చే కరెంటైతే వేడికి పెరగదు. పెద్ద ల్యాబుల్లో దీనికి యంత్రాలున్నాయి. మాకు లేవు. ఏసీ ఆపి కిటికీలు తెరిస్తే కర్నూలు ఎండ ఉంది.

ఆదివారం పొద్దున పాపను అత్తకిచ్చి షేర్ ఆటోలో ల్యాబుకు పోయాను. శుక్రవారమే పోయి ముంచి వచ్చిన కొత్త పలకను పట్టకారుతో తీశాను. కడిగి, ఆరబెట్టి, మొన కింద పెట్టాను. సార్‌తో చెప్పించి వేయించుకున్న ఏసీ చల్లదనంలో మొదటిసారి మొన ఆనించగానే మీటరులో అంకె ఎగిరింది. చిల్లు. ఇంకొకచోట ఆనించాను. చిల్లు. వెనక్కి తగ్గి నీళ్లు తాగాను. మూడోచోట నిలిచింది. నాలుగోచోట కూడా. అంకె చూశాను. పసుపు పలక మీద వచ్చినదానికంటే తక్కువ. చాలా తక్కువ. వాలు గీత మీద పెట్టి చూస్తే ఆ వాలుకంటే మాత్రం కొద్దిగా పైన ఉంది. కొద్దిగానే. పొరపాటు కూడా అంతే ఉండవచ్చు.

ఇక వేడి ఒక్కటే చెప్పాలి. మధ్యాహ్నం ఏసీ ఆపి కిటికీలు తెరిచాను. గాలి పొయ్యిలోంచి వచ్చినట్లు లోపలికి వచ్చింది. గది వేడెక్కేదాకా గోడ మీది థర్మామీటరు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఫోను బల్ల మీద గుర్రుమని కదిలింది. ఆ కదలికకు మొన వణికి పలకను గీసింది. బాగున్న చోట్లలో ఒకటి పోయింది.

అత్త ఫోను. ఎత్తి "ఏమైంది?" అన్నాను. ట్యాంకరు వచ్చిందట, డ్రమ్ము నింపించాలా అని. నింపించమన్నాను. ఇంకొకసారి మోగిందంటే పలక మిగలదు. మోగకుండా చేసినా బల్ల మీద అదురుతుంది. పాప పుట్టినప్పటినుంచి నేను ఫోను ఆపేసిన క్షణం లేదు. స్నానం చేసేటప్పుడు కూడా కిటికీలో పెట్టుకుంటాను. ఆ రోజు ఆపేశాను. ఆపి, వరండాలో కుర్చీ మీద పెట్టి, తలుపు మూసి వచ్చాను.

ఎంతసేపు కొలిచానో అప్పుడు తెలియలేదు. మెడలోంచి చెమట కారి కాగితం మీద పడుతోంది. పాప ఏదైనా మింగిందేమో, డ్రమ్ము దగ్గరికి పాక్కుంటూ పోయిందేమో, అత్త లోపల ఉందేమో. డ్రమ్ము నిండా నీళ్లు, నేనే నింపించమన్నాను. ఈ ఆలోచనల మధ్యనే మొన దించాను. మీటరు అంకె నిలిచింది. రాసుకున్నాను. పక్కచోట. రాసుకున్నాను. పొద్దుటి అంకెల పక్కన పెట్టి చూశాను. పెరిగింది. ఇంకో రెండుచోట్ల చూశాను. పెరిగింది. ఛార్జి గెంతుతోంది. నేను అనుకున్నంత జోరుగా కాదు. నడుస్తోంది, అంతే.

సంతోషించడానికి కూడా ఆగకుండా వరండాలోకి పరుగెత్తి ఫోను ఆన్ చేశాను. అత్త నుంచి మూడు మిస్డ్ కాల్స్ అని మెసేజి వచ్చింది. వెంటనే తిరిగి చేశాను.

"అత్తా! పాప?"

"పండుకోనుండాది. ఎందుకు అరుస్తాండావు?"

"మూడుసార్లు చేసినావు?"

ఆమె మెల్లగా, "నీది పారిందా లేదా అని" అంది. "నా వల్ల నీ చదువు పాడైపోతాదేమోనని ఈడ నాకు కాలు నిలవదే."

సోమవారం కమిటీ ముందు గ్రాఫు పెట్టాను. అయిదో పొడవు దగ్గర రెండు గుర్తులు: నిండు చుక్క ఆదివారంది, ఖాళీ సున్నా పసుపు పలకది. ఖాళీ సున్నాను తీసేయవచ్చునని సార్ అన్నారు. ఉంచాను.

బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు దాన్నే చూపించి అడిగారు. "ఇదేమిటమ్మా?"

"పసుపు సార్."

చెప్పాను, మొత్తం. ఆయన నవ్వారు. ఇంకొకరు కూడా నవ్వారు. మా విభాగం మేడమ్ మాత్రం నవ్వలేదు.

"మిగతా నాలుగూ అదే పెట్టెలో ఉన్నాయి కదా. ఆవిడ వాటిని ముట్టలేదని నీకెట్లా తెలుసు?"

మూడు రోజులుగా అయిదోదాని వెంట పరుగెత్తుతూ దీని గురించే ఆలోచించలేదు. మా సార్ తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నారు.

"మా అత్త అచ్చు అతికే మనిషి మేడమ్. మొదటి పోగుకే పసుపు పెడతారు. రెండోదానికి పెట్టరు." గ్రాఫులో ఆ నాలుగు చుక్కలను చూశాను. "నమ్మాను. కానీ అది కొలత కాదు. కొలవలేదు."

నన్ను, మా సార్‌ను బయటికి పంపారు. వరండాలో ఆ కుర్చీ అట్లాగే ఉంది. కూర్చోలేదు. పావుగంటకు పిలిచి చెప్పారు. రిజిస్ట్రేషన్ ఆపడం లేదు. అయితే ఇప్పుడే థీసిస్ కాదు. అయిదు తీగలనూ కొత్తగా తెప్పించి, కొత్తగా ముంచి, చల్లగానూ వేడిగానూ కొలవాలి. ఆరు నెలలు. ఖాళీ సున్నాను కూడా థీసిస్‌లో ఉంచమని, దాని కథ రాయమని మేడమ్ అన్నారు.

ఆరు నెలలు ఇచ్చారని ఏడవాలో, ఆరు నెలలేనని ఏడవాలో తెలియక, మెట్ల మీద ఏడ్చి ముఖం కడుక్కుని ఇంటికి వచ్చాను. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమనిరి?"

"తీసెయ్యలేదత్తా. మళ్లీ అన్నీ కొలిచి చూపియ్యమన్నారు."

ఆమె ఊపిరి వదిలింది. పాపను నాకిచ్చింది. మజ్జిగ చిలికి లోటా నా చేతిలో పెట్టింది. నేను సగం తాగేదాకా ఆగి, చాలా జాగ్రత్తగా అడిగింది.

"అయితే, నేను పసుపు పెట్టినదాంట్లోనే కరెంటు ఎక్కువ పారిందంటనా?"

"పారింది. చిల్లులోంచి పారింది, దొంగదారిలో. అది లెక్కలోకి రాదు."

"ఏ దారైతే ఏమి, పారింది గదా" అని లోపలికి పోయింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మళ్లీ తెచ్చేటప్పుడు చెప్పు. ముట్టను. దూరం నుంచి దండం పెట్టుకుంటా, అంతే."

ఇంక వాటిని ఇంటికి తేనని ఆమెకు చెప్పలేదు. ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి పాప ఊపిరి చూసి వచ్చాను. బాగానే ఉంది. అయిదో తీగ కోసం ఆ అమ్మాయికి ఉత్తరం పంపాను, మళ్లీ చేసిస్తుందో లేదో ఇంకా తెలియదు.